ఇంటర్‌సెప్టర్ 650కి స్లిప్-ఆన్ సైలెన్సర్లు, వాటితో అంటగట్టే ఫ్యూయల్ పెట్టె: సాలూరు–జయపురం దారిలో వాడిన మీదట

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650కి బయటి కంపెనీ సైలెన్సర్లు బిగిస్తే ఫ్యూయల్ మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టిక) కూడా మార్చి తీరాలా అని ఒడిశాలోని కొరాపుట్, జయపురం, రాయగడలలో యాక్సెసరీల దుకాణాలవారిని అడిగితే నాకు ఒకటే జవాబు వచ్చింది. మార్చకపోతే ఇంజిన్ లీన్‌లో, అంటే పెట్రోలు తక్కువైన పలచటి మిశ్రమంతో నడిచి, వేడెక్కి, వాల్వులు కాలిపోతాయన్నారు. ఆ మాట చెప్పే మనిషి వెనక అరలోనే మ్యాప్ మార్చే పెట్టె కూడా అమ్మకానికి ఉంటుంది కాబట్టి, అందులో ఇంజనీరింగ్ ఎంత, బేరం ఎంత అన్నది కొనేవాడే విడదీసి చూసుకోవాలి. నేను ఒక జత స్లిప్-ఆన్ సైలెన్సర్లను, వాటితో సెట్టుగా తప్ప విడిగా ఇవ్వనన్న ఫ్యూయల్ కంట్రోలర్‌ను, అంటే ఆ పెట్టెను తీసుకుని, మొదట సైలెన్సర్లను మాత్రమే బిగించి, కొన్నాళ్లు నడిపాక పెట్టెను కూడా తగిలించి, ఆంధ్ర వైపు సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి, సిమిలిగుడ, కొరాపుట్, జయపురం దాకా వానల్లోనూ చలిలోనూ తిప్పాను. సైలెన్సర్లకు మంచి మార్కులే వేస్తాను. పెట్టెకు వేయలేను. బిగించిన పనికి అసలే వేయలేను. దుకాణం పేరు, కంపెనీల పేర్లు కావాలనే వదిలేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే గుణదోషాలు ఆ తరహా సరుకు అంతటికీ దాదాపుగా వర్తిస్తాయి.

బండి 2021లో కొన్న, బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు తయారైన మోడల్. 648 సీసీ, రెండు సిలిండర్లు, సుమారు 47 హార్స్‌పవర్, 52 న్యూటన్ మీటర్ల టార్క్. సిలిండర్ హెడ్ నుంచి రెండు బెండ్ పైపులు కిందికి దిగి, ఇంజిన్ కింద ఒకదానితో ఒకటి కలుస్తూ, వెనక చెరొక సైలెన్సర్‌లోకి వెళతాయి. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు బెండ్ పైపుల వైపే ఉన్నాయి, వెనక సైలెన్సర్‌లో లేవు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం చర్చ తేలిపోతుంది. స్లిప్-ఆన్ అంటే వెనక డబ్బాను మాత్రమే తీసి, అదే పైపు మూతికి ఇంకొక డబ్బాను తొడిగి క్లాంపు బిగించడం. దాంతో బెండ్ పైపు, కన్వర్టర్, సెన్సర్, ఎయిర్ ఫిల్టర్ అన్నీ కంపెనీ ఇచ్చినవే మిగులుతాయి. క్యాట్ తీసేసిన పూర్తి ఎగ్జాస్ట్ సిస్టం వేరు, స్లిప్-ఆన్ వేరు. దుకాణంలో మాత్రం ఈ రెండింటికీ ఒకే హెచ్చరిక చదువుతారు.

ముందు సైలెన్సర్ల సంగతి. స్టెయిన్‌లెస్ స్టీల్ ఒళ్లు, బ్రష్ చేసిన మెరుగు, చివర నల్ల మూత. వెల్డింగు అతుకులు బయటివైపు సమంగా, బొట్లు లేకుండా ఉన్నాయి. మూతిలో వేలు పెట్టి చూస్తే లోపలి అంచు కాస్త గరుకుగా తగిలింది కానీ, దానివల్ల పైపు తొడిగేటప్పుడు ఇబ్బంది రాలేదు. లోపల చిల్లుల గొట్టం చుట్టూ గాజు ఊలు కూరారు. చివరన శబ్దం తగ్గించే ముక్కను, అంటే డీబీ కిల్లర్‌ను, ఒక ఆలెన్ బోల్టుతో నిలిపారు. కంపెనీ సైలెన్సర్లు ఎంత బరువో చేతిలో పట్టుకున్నవారికి తెలుసు. ఇవి వాటిలో సగం కూడా తూగవు, సెంటర్ స్టాండు మీదికి బండిని లాగేటప్పుడు ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. ఘాట్‌లో ఒక మలుపు నుంచి ఎదురు మలుపుకు బండిని తిప్పేటప్పుడు కూడా వెనక భాగం చురుకుగా వస్తుంది. లోపం ఒక్కటి: కుడివైపు సైలెన్సర్‌ను ఫుట్‌రెస్ట్ ప్లేటుకు పట్టే బ్రాకెట్ రంధ్రం కొన్ని మిల్లీమీటర్లు పక్కకు పడింది. ఆ కొద్దిపాటి తేడా తరువాత ఎంత తలనొప్పి తెచ్చిందో కింద చెబుతాను.

శబ్దం డీబీ కిల్లర్ ఉన్నంతవరకు హుందాగా ఉంది. 270 డిగ్రీల క్రాంక్ ఇచ్చే ఆ తడబడే లయ కంపెనీ సైలెన్సర్‌లో అణిగి ఉంటుంది, ఇందులో స్పష్టంగా వినిపిస్తుంది. కిల్లర్ తీసేస్తే మాత్రం సిమిలిగుడ సంతలో తలలన్నీ మనవైపే తిరుగుతాయి, అందులో పోలీసువారి తల కూడా ఉంటుంది. 175 సీసీ దాటిన మోటారు సైకిల్ తయారీ దశలో దాటకూడని శబ్దం 80 డెసిబెల్. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే, 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలు గానీ, పది వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు, లైసెన్సు మూడు నెలలు పోతుంది. కొరాపుట్ జిల్లా ఓడీ-10 నంబరు పలకతో సుంకి దాటి ఆంధ్ర వైపు దిగినా, ఏపీ పలకతో ఇటు ఎక్కినా చట్టం ఒక్కటే.

ఇక మ్యాప్. ఇంజెక్షన్ బండిలో ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, అంటే ఈసీయూ, గాలిని నేరుగా తూచదు. ఇన్‌టేక్‌లోని ఒత్తిడి, గాలి వేడి, థ్రాటిల్ ఎంత తెరిచారు, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్నవి చూసి, ఈ పరిస్థితిలో సిలిండర్‌లోకి ఇంత గాలి వస్తుందని ముందే రాసిపెట్టిన పట్టికలోంచి అంచనా కడుతుంది, దానికి తగినంత సేపు ఇంజెక్టర్‌ను తెరుస్తుంది. ఆ పట్టికే మ్యాప్. దాన్ని కంపెనీ సైలెన్సర్ పెట్టుకుని తయారు చేశారు. సైలెన్సర్ మారితే పొగ బయటికి పోయే తీరు మారుతుంది, సిలిండర్‌లో మిగిలిపోయే పాత పొగ కొద్దిగా తగ్గవచ్చు, ఆ మేరకు కొత్త గాలి కొద్దిగా ఎక్కువ చేరవచ్చు. పట్టికకు ఈ సంగతి తెలియదు కనుక పెట్రోలు పాత లెక్కనే పోస్తుంది, మిశ్రమం ఆ మేరకు పలచబడుతుంది. దుకాణదారు చెప్పే మాటలో నిజం ఇంతవరకే. పలచబడడం ఎంత, దాన్ని సరిదిద్దే ఏర్పాటు బండిలోనే ఉందా అన్న తరువాతి రెండు ప్రశ్నలు ఆయన వేయడు.

ఏర్పాటు ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలు అందుకోవడానికి ఈ తరగతి బండ్లలో ఆక్సిజన్ సెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్ జంటగా పనిచేస్తున్నాయి. సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి, మిశ్రమం పలచగా ఉంటే 0.1 వోల్టు వైపు, చిక్కగా ఉంటే 0.9 వోల్టు వైపు ఊగుతుంది. ఈసీయూ ఆ ఊపును చూస్తూ పెట్రోలును కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ, సగటున సరైన పాళ్లలో నిలుపుతుంది. ఐడిలింగ్‌లోనూ, ఒకే వేగంతో నిదానంగా పోయేటప్పుడూ, అంటే మనం బండి మీద గడిపే కాలంలో చాలా భాగం, ఈ సవరింపు నడుస్తూనే ఉంటుంది. ఎంత సవరించిందో శాతాల్లో చెప్పే లెక్కనే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు, సున్నాకు పైన ఉంటే పెట్రోలు పెంచుతోందని, కింద ఉంటే తగ్గిస్తోందని అర్థం. థ్రాటిల్ బాగా తెరిచినప్పుడు మాత్రం ఈసీయూ సెన్సర్ మాట పక్కన పెట్టి, పట్టికలో ఉన్నదాన్నే పోస్తుంది. అక్కడ కంపెనీలు సాధారణంగా అవసరమైనదానికంటే చిక్కగానే రాసి ఉంచుతాయి, ఇంజిన్ చల్లగా ఉండడానికీ, బలం రావడానికీ అదే మార్గం. శుద్ధమైన పెట్రోలుకు సమతూకం 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అయితే, పూర్తి బలం 13కు కాస్త అటూఇటూగా వస్తుంది. ఇలా చిక్కగా ఉన్నదాంట్లో రెండు మూడు శాతం గాలి ఎక్కువైనా మిశ్రమం ప్రమాదకరమైన లీన్‌లోకి దిగదు.

మా దారిలో నడిపేవారికి ఈ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. సాలూరు మైదానం నుంచి సిమిలిగుడ చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తుకు వస్తాం, గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు పడిపోతుంది. పాత కార్బురేటర్ బుల్లెట్ సుంకి ఘాట్ ఎక్కేసరికి రిచ్ అయిపోయి, అంటే మిశ్రమం చిక్కబడి, పైన పొట్టంగి దగ్గర ఐడిలింగ్ నిలవక మారాం చేసేది, దేవ్‌మాలి కొండ ఎక్కేవారు స్క్రూడ్రైవర్ వెంట ఉంచుకునేవారు. ఇంజెక్షన్ బండికి ఆ బాధ లేదు, ఎందుకంటే దానికి ఒత్తిడి చెప్పే సెన్సర్ ఉంది. ఇక్కడ ఒక తేడాను దాచకుండా చెప్పాలి. ఎత్తు మారితే బండికి ముందే తెలుస్తుంది. సైలెన్సర్ మారితే తెలిపే సెన్సర్ ఏదీ లేదు, పొగ వాసన చూసిన తరువాతే ఆక్సిజన్ సెన్సర్ ద్వారా తెలుస్తుంది. కాబట్టి పది శాతం ఒత్తిడి తేడాను మోసే బండి మూడు శాతం తేడాను మోయలేదా అని వాదిస్తే అది సగం వాదనే అవుతుంది.

పెట్రోలు ఉదాహరణ దానికంటే సరిగ్గా సరిపోతుంది. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలుకు సమతూకం 14.7 దగ్గర ఉండదు, 13.5 చుట్టుపక్కలకు దిగుతుంది. అంటే అదే గాలికి ఇంకాస్త ఎక్కువ పెట్రోలు పోయాలి. బంకులో పోసింది ఏ మిశ్రమమో చెప్పే సెన్సర్ నా బండిలో లేదు. ఆ తేడాను కూడా పొగ చూసిన తరువాతే, అదే ఆక్సిజన్ సెన్సర్‌తోనే ఈసీయూ సరిదిద్దుకుంటోంది. పది శాతం ఇథనాల్ నుంచి ఇరవైకి మారినప్పుడు వచ్చే తేడా నాలుగు శాతానికి కాస్త అటూఇటూగా ఉంటుంది. దేశమంతటా బంకుల్లో ఆ మార్పు జరిగినప్పుడు మ్యాప్ మార్చుకోమని ఏ దుకాణమూ హెచ్చరించలేదు. స్లిప్-ఆన్ తెచ్చే మార్పు అంతకు మించదు.

మాటలతో సరిపెట్టకుండా ట్రిమ్‌ను చూద్దామని, ఆరు పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్‌కు సరిపడే మార్పిడి వైరు, ఈసీయూ లెక్కలను చదివే బ్లూటూత్ ఓబీడీ రీడర్ తెప్పించుకుని ఫోనులో చూశాను. రెండూ కలిపి సైలెన్సర్ క్లాంపు, గ్యాస్కెట్లకు అయ్యే ఖర్చుకు కాస్త ఎక్కువ, ఫ్యూయల్ పెట్టె ధరలో చాలా తక్కువ. కంపెనీ సైలెన్సర్లతో, ఇంజిన్ బాగా వేడెక్కాక, నాలుగో గేరులో నిదానంగా పోతుంటే ట్రిమ్ సున్నాకు కొద్దిగా పైన ఊగుతూ ఉంది. స్లిప్-ఆన్లు దుకాణంలో బిగించి తెచ్చిన తరువాత అది గట్టిగా పైకి పోయింది. ఐడిలింగ్‌లో ఇంకా ఎక్కువ. యాక్సిలరేటర్ వదిలేసి ఘాట్ దిగుతుంటే సైలెన్సర్లు టపాకాయల్లా పేలసాగాయి. ఫోనులో అంకె చూపించగానే దుకాణంవారు ఇది లీన్ అనడానికి రుజువు, పెట్టె తగిలించండి అన్నారు.

జయపురంలో పాతకాలం నుంచి బుల్లెట్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. సాలూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు. ఆయన అంకె చూడలేదు. బండిని చల్లారబెట్టి, స్టార్టు చేయించి, వెలిగించిన అగరుబత్తిని బెండ్ పైపు సిలిండర్ హెడ్‌ను కలిసే చోట, పైపు చుట్టూ నెమ్మదిగా తిప్పారు. ఎడమవైపు పొగ నిటారుగా లేచింది. కుడివైపు ఒక చోట పొగ తటతటా కొట్టుకుంటూ ఒకసారి బయటికి తోసుకుని, ఒకసారి లోపలికి పీల్చుకుంది. పైపును హెడ్‌కు పట్టి ఉంచే ఫ్లాంజ్ అంచున మసి చార కూడా సన్నగా కనిపించింది. “ఏటి బాబూ, ఎనకాతల సైలెన్సర్‌ని తిడతన్నారు గానీ, ఊదుతన్నది ముందు మెడ కాడ కదా” అన్నారు.

జరిగింది ఇది. బ్రాకెట్ రంధ్రం కలవకపోయేసరికి దుకాణంలో బిగించిన కుర్రాడు సైలెన్సర్‌ను బలంగా పక్కకు తోసి బోల్టు ఎక్కించాడు. ఆ లాగుడు పైపు పొడవునా ముందుకు పాకి, హెడ్ దగ్గరి ఫ్లాంజ్ మీద పడింది, గ్యాస్కెట్ ఒక పక్క తేలిపోయింది. ఎగ్జాస్ట్ పైపులో ఒత్తిడి ఎప్పుడూ బయటికే ఉండదు, పొగ దెబ్బదెబ్బలుగా పోతుంది. రెండు దెబ్బల మధ్య పైపులో ఒత్తిడి తగ్గిన క్షణాన బయటి గాలి సందులోంచి లోపలికి వస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ అక్కడికి కొద్ది దూరంలోనే ఉంటుంది. దానికి ఆ గాలి కనిపించి మిశ్రమం పలచగా ఉందని చెబుతుంది, ఈసీయూ నమ్మి పెట్రోలు పెంచుతుంది. అంటే సిలిండర్‌లో మిశ్రమం నిజానికి చిక్కబడుతోంది, అంకె మాత్రం లీన్ అంటోంది. పైగా యాక్సిలరేటర్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరికి ఆ బయటి గాలి తోడై పైపులోనే అంటుకుంటుంది, ఆ పేలుళ్లు అవే. ఈ స్థితిలో పెట్టె తగిలించి ఇంకొంచెం పెట్రోలు పోయించి ఉంటే ఇంజిన్‌కు ఏ మేలూ జరిగేది కాదు.

పెద్దాయన అన్ని బోల్టులూ వదులు చేసి, బ్రాకెట్ రంధ్రాన్ని ఆకురాయితో కోలగా చేసి, హెడ్ దగ్గర కొత్త గ్యాస్కెట్లు వేసి, ముందు ఫ్లాంజ్ నట్లను చేతితో తిప్పి, వెనక క్లాంపు చేతితో తిప్పి, బ్రాకెట్ బోల్టు చేతితో తిప్పి, పైపు ఎక్కడా బిగదీసి లేదని చూసుకున్న తరువాతే ముందు నుంచి వెనకకు వరుసగా బిగించారు. సైలెన్సర్ మూతి దగ్గర వేడిని తట్టే పేస్టు పలచగా రాశారు. ఇంజిన్ వేడెక్కి చల్లారాక ఫ్లాంజ్ నట్లను మళ్లీ ఒకసారి చూశారు. తరువాత ఫోనులో ట్రిమ్ చూస్తే కంపెనీ సైలెన్సర్లతో ఉన్నప్పటికంటే ఒకటి రెండు శాతం మాత్రమే పైన నిలబడింది. పేలుళ్లు ఆగిపోయాయి, చల్లని ఉదయం పొట్టంగి వైపు దిగేటప్పుడు అప్పుడప్పుడు ఒక చిన్న టప్పుమనే చప్పుడు తప్ప. స్లిప్-ఆన్ మ్యాప్ మీద వేసే భారం నా బండిలో ఇంతే.

థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు ట్రిమ్ ఏమీ చెప్పదు కాబట్టి, విశాఖపట్నం వెళ్లినప్పుడు మిశ్రమం పాళ్లను కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉన్న ఒక ట్యూనర్ దగ్గర, సైలెన్సర్ చివర కొలిచే గొట్టం పెట్టించి చూపించుకున్నాను. క్యాట్ దాటి వచ్చిన పొగను కొలిస్తే అంకె కొద్దిగా అటూఇటూ అవుతుందని ఆయనే ముందుగా చెప్పారు, ఆ నిజాయితీ నచ్చింది. మూడో గేరులో పూర్తి థ్రాటిల్ దగ్గర లాంబ్డా (సమతూకాన్ని 1గా తీసుకునే కొలత) 0.9కి కాస్త అటూఇటూగా, అంటే చిక్కటివైపే నిలిచింది. ఈ సైలెన్సర్లకు నా దగ్గర డబ్బు తీసుకుని చేయవలసిన పని ఏమీ లేదని ఆయన అన్నారు. బేరం వదులుకున్న మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ.

అయినా పెట్టె చేతిలో ఉంది గనుక దాన్నీ తగిలించాను. అరచేతిలో సగం ఉంటుంది. ఇంజెక్టర్ వైర్లకూ ఈసీయూకూ మధ్యలో దూరుతుంది, సీటు కింద బ్యాటరీ పక్కన కూర్చుంటుంది. కనెక్టర్లు కంపెనీ కనెక్టర్లకు సరిగ్గా సరిపోయాయి, వైర్లు కోయవలసిన పని పడలేదు, తొడుగు కూడా మందంగా ఉంది. ఈ తరగతి పెట్టె ఈసీయూ లోపలి పట్టికను మార్చదు. ఈసీయూ ఇంజెక్టర్‌కు పంపిన సంకేతాన్ని మధ్యలో పట్టుకుని, తన పట్టిక ప్రకారం కాస్త పొడిగించి లేదా తగ్గించి ముందుకు వదులుతుంది. ఆక్సిజన్ సెన్సర్ సవరింపు నడిచే చోట ఇది పెట్రోలు పెంచితే ఏమవుతుందో ఊహించవచ్చు. పొగ చిక్కబడిందని సెన్సర్ చెబుతుంది, ఈసీయూ తగ్గిస్తుంది, పెట్టె మళ్లీ పెంచుతుంది. ఒకరు బావిలో నీళ్లు తోడుతుంటే ఇంకొకరు అదే బావిలో పోస్తున్నట్టు. ఫోనులో ట్రిమ్ సున్నా కిందికి దిగిపోవడం నేను కళ్లారా చూశాను. ఈ పోరు తప్పించడానికి కొన్ని పెట్టెలతో సెన్సర్‌కు తగిలించే ఒక చిన్న ముక్క ఇస్తారు. అది సెన్సర్ మాటను మార్చి చెబుతుంది, బండి ఎప్పుడూ చిక్కటి మిశ్రమంతో నడుస్తుంది. నా సెట్టులో అది కూడా ఉంది.

ఆ ముక్క పెట్టినప్పుడు వచ్చిన లాభాన్ని కూడా చెప్పకపోతే అన్యాయం. కొరాపుట్ ఊళ్లో రెండో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్‌ను వదిలి మళ్లీ అందుకునేటప్పుడు ఈ బండిలో ఒక చిన్న కుదుపు ఉంటుంది. బీఎస్-6 బండ్లలో తక్కువ వేగం దగ్గర మిశ్రమాన్ని పొదుపుగా ఉంచడంవల్ల వచ్చే గుణం అది. పెట్టెతో ఆ కుదుపు బాగా తగ్గింది, బండి వెన్న పూసినట్టు కదిలింది. కానీ అది కంపెనీ సైలెన్సర్లతో కూడా ఉన్న కుదుపే. సైలెన్సర్ మార్చినందుకు అవసరమైన మందు కాదు. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, మైలేజీ లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు పడిపోయింది, ప్లగ్గుల కొనలు పొడి మసితో నల్లబడ్డాయి, వెనక నిలబడితే పచ్చి పెట్రోలు వాసన వస్తోంది. మూడు రకాల విషవాయువులను ఒకేసారి శుద్ధి చేసే కన్వర్టర్ సమతూకం దగ్గరే సరిగా పనిచేస్తుంది. ఎప్పుడూ చిక్కగా నడిపితే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకునే రోజు చెమటలు పడతాయి.

నాకు నిజంగా కోపం వచ్చింది పెట్టె లోపలి మ్యాప్ విషయంలో. నా సైలెన్సర్లకు తగిన మ్యాప్ వేసి ఇస్తున్నామని బిల్లు రాశారు. ఇంటికి వచ్చి, పెట్టెతో ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే, ఆ ఫైలు పేరులో వేరే తయారీదారు ఫుల్ సిస్టం, విప్పిన ఎయిర్ బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బా) అని ఉంది. పట్టికలో నడిమి చుట్ల దగ్గర చాలా గడులలో ఒకే అంకె నింపి ఉంది. కొలిచి రాసిన మ్యాప్‌లో పక్కపక్క గడులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఎందుకంటే పైపులో ఒత్తిడి అలలు ఏ చుట్ల దగ్గర కలిసివస్తాయో, ఏ చుట్ల దగ్గర ఎదురొస్తాయో దాన్ని బట్టి గాలి మారుతుంది. ఒకే అంకె వరసగా నింపి ఉంటే అది కూర్చుని టైపు చేసిన మ్యాప్, డైనో (బండిని నిలబెట్టి బలం కొలిచే యంత్రం) మీద కొలిచి రాసిన మ్యాప్ కాదు. అడిగితే “కంపెనీవాళ్లే వేసి పంపారు సార్, మేం ముట్టుకోం” అన్నారు. ముట్టుకోనివారు ట్యూనింగ్ చార్జీ ఎందుకు తీసుకున్నారని అడిగితే సమాధానం లేదు.

మ్యాప్ తప్పక మార్చవలసిన సందర్భాలు లేకపోలేదు. బెండ్ పైపులతో సహా మొత్తం మార్చి, క్యాట్ తీసేసి, ఎయిర్ బాక్స్ మూత విప్పి పెద్ద ఫిల్టర్ పెడితే గాలి రాకడ, పొగ పోకడ రెండూ ఒకేసారి మారతాయి. అప్పుడు పూర్తి థ్రాటిల్ దగ్గర కంపెనీ వదిలిన చిక్కదనం అంతా ఖర్చయిపోవచ్చు. వాల్వులను తెరిచే కామ్ మార్చినా, పిస్టన్ మార్చి సీసీ పెంచినా అంతే. అలాంటి బండికి పెట్టె గానీ, ఈసీయూ రీఫ్లాష్ (లోపలి పట్టికనే తిరగరాయడం) గానీ తప్పదు, అది కూడా ఆ బండినే డైనో మీద నిలబెట్టి, వైడ్‌బ్యాండ్ సెన్సర్ చూస్తూ చేయించాలి. డైనో ఉన్న ట్యూనర్ కోసం కొరాపుట్ నుంచి హైదరాబాదో బెంగళూరో వెళ్లే ఓపిక లేనివారు క్యాట్ జోలికి పోకపోవడమే మేలు. రోడ్డు మీద నడిచే బండికి క్యాట్ తీయడం చట్టం ఒప్పే పని కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆక్సిజన్ సెన్సర్ లేని తొలినాళ్ల ఇంజెక్షన్ బండ్లకు తనను తాను సరిదిద్దుకునే దారి లేదు, వాటిలో సైలెన్సర్ ఒక్కటి మార్చినా కొలిపించి చూసుకోవడం మంచిది. కార్బురేటర్ బుల్లెట్లకు పెట్రోలు వచ్చే రంధ్రం, అంటే మెయిన్ జెట్, ఒక మెట్టు పెంచి, ప్లగ్ రంగు చూసుకుంటే సరిపోతుంది, అది ఈ ఊళ్లలో ఏ పాత మేస్త్రీకైనా చేతనైన పని.

బ్యాక్ ప్రెషర్ (పొగ పోకడకు ఎదురయ్యే ఒత్తిడి) తగ్గితే ఇంజిన్ పాడవుతుందన్న మాట కూడా ఇక్కడ తరచు వినిపిస్తుంది. పొగ పోయే దారికి అడ్డం ఉండడం ఏ ఇంజిన్‌కూ మేలు చేయదు. పైపు మరీ లావైతే తక్కువ చుట్ల దగ్గర పొగ వేగం తగ్గి, పాత పొగను బయటికి లాగే బలం తగ్గుతుంది, దాన్నే జనం బ్యాక్ ప్రెషర్ పోయిందని అంటారు. స్లిప్-ఆన్‌లో బెండ్ పైపు మారదు కనుక ఈ భయం పెద్దగా వర్తించదు. నా బండిలో 3,000 చుట్ల కింద పికప్ ఏమాత్రం తగ్గలేదు. పైన పెరిగిందని చెప్పడానికీ మనసొప్పదు. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు చెవి నమ్మిస్తుంది, సునాబెడలో మిగ్ విమానాల ఇంజిన్లు తయారు చేసిన హెచ్ఏఎల్ కర్మాగారం గోడ పక్కన పెరిగినవారికి ఆ తేడా చెప్పనక్కరలేదు.

ధర విషయానికి వస్తే, సైలెన్సర్ల జత ఇచ్చిన డబ్బుకు తగిన వస్తువే. బ్రాకెట్ రంధ్రం సరిగా ఉండి ఉంటే ఫిర్యాదు చేయడానికి ఏమీ మిగిలేది కాదు. పెట్టె ధర సైలెన్సర్ల ధరలో సగానికి పైగా ఉంది. స్లిప్-ఆన్ ఒక్కటే వేసుకునేవారికి అది దండగ ఖర్చు. ఆ డబ్బులో చిన్న భాగంతో కొత్త గ్యాస్కెట్లు, మంచి క్లాంపులు, ఒక ఓబీడీ రీడర్ కొనుక్కుని, బిగించే పనిని పైపుల పని తెలిసిన చేతికి అప్పగించడం మంచిది. వారంటీ మిగిలి ఉన్న బండి అయితే, ఇంజెక్టర్ వైర్ల మధ్య పరాయి పెట్టె కనిపిస్తే సర్వీస్ సెంటర్‌వారు విద్యుత్ సంబంధమైన క్లెయిములను వెనక్కి తిప్పే అవకాశం ఉందని ముందే తెలుసుకోవాలి. ఇప్పుడు నా బండి మీద సైలెన్సర్లు ఉన్నాయి, డీబీ కిల్లర్ ఉంది, పెట్టె లేదు. దాన్ని తిరిగి తీసుకోమని అడిగితే దుకాణంవారు సగం ధరకు సరుకు మాత్రమే ఇస్తామన్నారు, డబ్బు ఇవ్వమన్నారు. ట్యూనింగ్ చార్జీ గురించి మాత్రం ఇంకా మాట్లాడుతున్నారు.